గడప దాటని ఫోటో

చాముండేశ్వరి చేతికిచ్చిన ఆడపిల్ల ఫోటో తిరిగి ఆ పిల్ల ఇంటికే చేరుతుందని తాడేపల్లిగూడెంలో పేరు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె పెళ్ళి సంబంధాలు చూస్తోంది. మొదట్లో ఫోటో అంటే స్టూడియోలో తీయించిన బొమ్మ. కవరు నాలుగు మూలలా పసుపు రాసి ఇచ్చేవారు. సంబంధం కుదరకపోతే ఆ కవరు వెనక్కి ఇచ్చెయ్యాలి. ఎవరి కూతురి బొమ్మో ఎవరి బీరువాలోనో చీరల అడుగున పడి ఉండటం ఆమెకు గిట్టేది కాదు. ఇవ్వడం మరిచిపోయినవాళ్ళింటికి తనే బస్సెక్కి వెళ్ళి, వాళ్ళు మొహమాటపడేదాకా కూర్చుని తెచ్చేది.

ఫోన్లు వచ్చాక మిగతా సంబంధాలవాళ్ళంతా వాట్సాప్‌లోకి దిగారు. చాముండేశ్వరి పెన్‌డ్రైవులు కొనుక్కుంది. ఒక పిల్లకి ఒక పెన్‌డ్రైవు. ముందురోజు రాత్రి దాన్ని దేవుడి దగ్గర పెట్టి, పసుపు బొట్టు పెట్టి, తెల్లారి మగపెళ్ళివారింటికి తీసుకెళ్ళేది. వాళ్ళ టీవీకి తగిలించి, ఇంటిల్లిపాదికీ చూపించి, తీసుకుని వచ్చేసేది. "మా ఫోనుకి పంపండి" అని ఎవరన్నా అడిగితే, "పంపింది వెనక్కి రాదండీ" అనేది. దేవుడి దగ్గర పెట్టాక ఆ ఫోటోలు ఆమె కూడా మళ్ళీ తెరవదు. ఆ తరువాత వాటిని మొదట చూడవలసింది మగపెళ్ళివారింటి పెద్దావిడ. అది ఆమె పెట్టుకున్న పద్ధతి. ఆ పద్ధతి వల్లే ఆ ఆదివారం ముదినేపల్లిలో చిక్కొచ్చిపడింది.

అమ్మాయి పేరు అఖిల. ఏలూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ లెక్చరరు. రెండేళ్ళ క్రితం ఉద్యోగం దరఖాస్తు కోసం ఒక నెట్ సెంటర్లో ఆమె ఫోటోని ఏదో ఉచిత సైటులోకి ఎక్కించి, సైజు తగ్గించి ఇచ్చారు. ఆరు నెలల తరువాత అదే ఫోటో, ఇంకేదో పేరుతో, "నాతో స్నేహం చేస్తారా" అనే ప్రకటనలో తేలింది. ఆ సైటు వల్లనో, ఇంకెవరి వల్లనో తేల్చి చెప్పగలిగినవాళ్ళు లేరు. పోలీసులకి ఫిర్యాదు చేసి తీయించారు కానీ, విన్నవాళ్ళు విని ఊరుకోలేదు. రెండు సంబంధాలు ఇంటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళాయి.

అందుకే ఈసారి అఖిల స్టూడియోకి వెళ్ళలేదు. తన కొత్త ఫోనులో చెల్లెలి చేత తీయించుకుని, ఫోటోలని తనే పెన్‌డ్రైవులోకి ఎక్కించి, శనివారం చీకటి పడేవేళకి తాడేపల్లిగూడెం వచ్చి ఇచ్చింది.

"మీ పేరు విని ఇస్తున్నాను ఆంటీ. ఇవి ఇంకే ఫోనుకీ, ఇంకే సైటుకీ వెళ్ళకూడదు. వెళ్ళాయని తెలిసిందో, నేనిక పెళ్ళి మాటే ఎత్తనివ్వను ఇంట్లో."

"నా చెయ్యి దాటి పోవమ్మా. మాట ఇస్తున్నాను."

"ఆ పాత గొడవ మాత్రం మీరు చెప్పకండి. చెప్పాల్సిన చోట నేనే చెప్తాను."

చాముండేశ్వరి ఆ పెన్‌డ్రైవుకి బొట్టు పెట్టి తిన్నగా దేవుడి పీట మీద పెట్టింది. తన కంప్యూటర్లో ఒక్కసారైనా తెరిచి చూసుకోలేదు.

మర్నాడు ఆకివీడు, కైకలూరు మీదుగా బస్సులు మారి ముదినేపల్లి చేరేసరికి పదయింది. శేషగిరిరావు గారిది పద్నాలుగు ఎకరాల వరి వ్యవసాయం. కొడుకు మణిదీప్ ఏలూరులో నీటిపారుదల శాఖలో ఇంజినీరు. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. శేషగిరిరావు తల్లి అచ్చాయమ్మకి ఎనభై దాటాయి. ఆ ఇంట్లో ఆవిడ ఊ అనకుండా విత్తనాల బస్తా కూడా విప్పరు.

"పదకొండూ నాలుగుకి వర్జ్యం వస్తుందండీ," అన్నాడు శేషగిరిరావు పంచాంగం మూస్తూ. "ఈలోగా చూసేద్దాం. సాయంత్రం గుడివాడ సంబంధం వాళ్ళు కూడా వస్తామన్నారు."

చాముండేశ్వరి పెన్‌డ్రైవు టీవీకి తగిలించింది. అందరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. తెర మీద ఐదు బూడిదరంగు గళ్ళు వచ్చాయి. మొదటిది నొక్కింది. నల్లటి తెర, మధ్యలో చిరిగిన బొమ్మ గుర్తు. రెండోదీ అంతే.

"అమ్మాయి బాగా సిగ్గరిలా ఉందే," అంది అచ్చాయమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ. "బొమ్మలోంచి కూడా బయటికి రానంటోంది."

ఎవరూ గట్టిగా నవ్వలేదు. మణిదీప్ తన లాప్‌టాప్ తెచ్చి పెట్టి చూశాడు. అందులోనూ తెరుచుకోలేదు.

"ఇవి పాడైపోలేదండీ," అన్నాడు చాముండేశ్వరితో. "కొత్త ఫోన్లలో తీస్తే ఫోటో హెచ్ఈఐసీ అని వేరే రకంగా దాచుకుంటుంది. మన టీవీకి జేపీజీ కావాలి. మార్చుకుంటే వస్తాయి."

"మార్చడం, గీర్చడం తరువాత సంగతి," అంది అచ్చాయమ్మ. నవ్వు పోయింది ఆవిడ మొహంలో. "మంచి గడియలో తెరిచిన బొమ్మ తెరుచుకోలేదు. మా రోజుల్లో అయితే కవరు అక్కడితో మూసేసేవాళ్ళు."

మణిదీప్ తల్లి వీరదుర్గ తేలిగ్గా తీసేసింది. "దీనికింత దేనికి వదినగారూ? ఆ అమ్మాయికి ఫోన్ చేసి వాట్సాప్‌లో పెట్టమనండి. నిమిషం పని."

"అలా పంపించుకోనండీ నేను. ఆ సంగతి ముందే చెప్పాను మీకు."

"మేమేమన్నా పరాయివాళ్ళమా?"

"అయ్యో, మిమ్మల్నని కాదండీ."

ఇంతలో పక్కింటి పాపారావు పేపరు కోసం వచ్చాడు. సెంటర్లో అతనికి నెట్ సెంటర్ ఉంది. సంగతి విని నవ్వేశాడు. "ఓస్ ఇంతేనా! ఇలా ఇయ్యండి అక్కగారూ. దీనికి సైట్లు బోలెడున్నాయి. ఇలా ఎక్కిస్తే అలా జేపీజీలై దిగుతాయి. రోజుకి పాతిక మందికి చేసిపెడతాను."

"ఎక్కిస్తే ఎక్కడికి వెళ్తాయి పాపారావు గారూ?"

"ఎక్కడికేంటండీ? సైటులోకి."

"ఆ సైటు ఎవరిది? ఎక్కడుంది?"

పాపారావు తల గోక్కున్నాడు. "అదెవరికి తెలుస్తుందండీ. పని అయ్యాక వాళ్ళే తీసేస్తారంట. రాసి ఉంటుంది కింద."

"తీసేశారో లేదో మీరు వెళ్ళి చూశారా?"

"భలేవారే! కరెంటు బిల్లుతో సహా ఊరంతా నా దగ్గరే చేయించుకుంటుంటే, ఈవిడ నన్ను పోలీసు ప్రశ్నలడుగుతున్నారేంటండీ శేషగిరిరావు గారూ!"

చాముండేశ్వరి పెన్‌డ్రైవు తీసి గుప్పిట్లో పెట్టుకుంది. "ఇవ్వనండి. ఏమీ అనుకోకండి."

ఆ మాటతో గదిలో గాలి మారింది. అచ్చాయమ్మ కాసేపు ఆ గుప్పిటనే చూసింది.

"ఏమ్మా చాముండేశ్వరీ. ఫోటో చూపిద్దామని వచ్చి, ఫోటో బయటికి రాకూడదంటావు. ఆ పిల్లలో చెప్పుకోలేనిది ఏమన్నా ఉందా?"

ఉన్నదేదో చెప్పేస్తే తన పట్టుదలకి అర్థం ఉండేది. కానీ అది చెప్పడానికి తనకి హక్కు లేదు. చెప్పకపోతే అఖిల మీద లేని అనుమానం పడుతుంది. పాపారావు చేతికిస్తే రెండు నిమిషాల్లో అందరూ సంతోషిస్తారు, ఇచ్చిన మాట మాత్రం మట్టిలో కలుస్తుంది. చాముండేశ్వరి గోడ గడియారం చూసింది. పదిన్నర.

"నాకో అరగంట ఇవ్వండి అచ్చాయమ్మ గారూ. ఇక్కడే, మీ కళ్ళముందే చూపిస్తాను," అని పెరటివైపు నడిచింది.

నుయ్యి దగ్గర నిలబడి అఖిలకి ఫోన్ చేసింది. విషయం వినగానే అవతల అఖిల 'ఛ' అని తనని తనే విసుక్కోవడం వినిపించింది.

"అయ్యో, తప్పు నాదే ఆంటీ. నా ఫోన్లో బాగానే కనిపిస్తున్నాయి కదా అని అలాగే ఎక్కించేశాను. రోజూ పిల్లలకి పాఠం చెప్పేదాన్ని!"

"నేనూ చూసుకోలేదులే. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు. ఇక్కడో పెద్దమనిషి సైటులోకి ఎక్కించేస్తానంటున్నాడు."

"ఎక్కించనివ్వకండి. ఇంకో రకం సైట్లు ఉన్నాయి. ఫోటోని వాళ్ళ దగ్గరికి పంపక్కర్లేదు. మార్చే పనిముట్టే మన బ్రౌజర్లోకి వచ్చి, మన కంప్యూటర్లోనే పని చేసిపెడుతుంది. మనది మన దగ్గరే ఉంటుంది."

"వాళ్ళు అలాగే రాస్తారమ్మా. నమ్మడమెలా?"

అఖిల గొంతులో నవ్వు వినిపించింది. "నమ్మకండి. పేజీ తెరిచాక నెట్ తీసేయండి. నెట్ లేకుండా కూడా పని జరిగిందంటే, ఫోటో బయటికి వెళ్ళడానికి దారే లేదు కదా. పని అయ్యాక ఆ పేజీ మూసేసి, అప్పుడు నెట్ పెట్టండి. ప్రైవేటు విండోలో తెరవమనండి, ఏమీ మిగలదు." ఆమె ఒక సైటు పేరు చెప్పింది. చాముండేశ్వరి సంచీలోంచి పెన్ను తీసి అరచేతి మీద రాసుకుంది.

లోపలికి వచ్చి మణిదీప్‌కి అరచెయ్యి చూపించింది. "ఇది తెరు నాయనా. తెరిచాక మీ ఇంటి నెట్ పెట్టె ప్లగ్గు తీసెయ్యాలి."

"ప్లగ్గా?" అన్నాడు పాపారావు. "నెట్ తీసేసి నెట్‌లో పని చేస్తారా? ట్రాక్టరు ఇంజన్ ఆపేసి దుక్కి దున్నినట్టుంది!"

"ఏం చేస్తున్నారర్రా?" అంది అచ్చాయమ్మ. "నాకూ తెలిసేలా చెప్పండి."

చాముండేశ్వరి ఆవిడ పక్కన కూర్చుంది. "మీ పెళ్ళికి నగలు ఎక్కడ చేయించారండీ?"

"ఎక్కడేంటి, మా పుట్టింటి అరుగు మీదే. కంసాలి కుంపటి, మూస అన్నీ పట్టుకుని వచ్చి పదిరోజులు కూర్చున్నాడు. మా అమ్మ ఎదురుగా పీటేసుకుని కూర్చుని చిక్కుళ్ళు వలిచేది. వలిచిందే వలిచేది పాపం, అతని చేతుల మీంచి చూపు తిప్పకుండా."

"అతని కొట్టుకే బంగారం పంపించొచ్చు కదండీ?"

"పంపితే అందులో ఎంత ఉంచుకున్నాడో, ఏం కలిపాడో ఎవరికి తెలుస్తుంది?"

"ఇదీ అంతేనండీ. పాపారావు గారిది కొట్టుకి పంపడం. ఇది కంసాలిని ఇంటికి పిలిపించుకోవడం. లోపలికి రాగానే వీధి తలుపేసేస్తాం. పని మన ముందే జరుగుతుంది. అయ్యాక వట్టి చేతులతో బయటికి పంపుతాం."

అచ్చాయమ్మ కుర్చీలో ముందుకి వంగింది. "అయితే ఆ తలుపేదో వెయ్యరా మణీ."

మణిదీప్ ప్రైవేటు విండోలో పేజీ తెరిచి, గోడకున్న పెట్టె ప్లగ్గు లాగేశాడు. పెన్‌డ్రైవులోంచి ఒక ఫోటోని పేజీ మీదికి లాగాడు. గుండ్రం తిరగడం మొదలైంది. తిరిగి తిరిగి ఎర్ర అక్షరాలు వచ్చాయి. జరగలేదు.

"చెప్పానా!" అన్నాడు పాపారావు.

వీరదుర్గ నిట్టూర్చి కాఫీ గ్లాసులు ఎత్తసాగింది. గడియారం పది నలభై ఏడు చూపిస్తోంది. చాముండేశ్వరి ఈసారి పెరట్లోకి వెళ్ళలేదు. అందరి మధ్యే ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"కాలేదమ్మా అఖిలా. ప్లగ్గు తీసేశాం, ఎర్ర అక్షరాలొచ్చాయి."

"పేజీ తెరిచిన వెంటనే తీసేశారా?"

"వెంటనే."

"అదీ సంగతి. కొన్ని సైట్లలో పేజీ ముందు వస్తుంది, పనిముట్టు మొదటి ఫోటో వేశాకే దిగుతుంది ఆంటీ. పూర్తిగా దిగకముందే దారి మూసేశారు."

"కంసాలి కుంపటి ఇంకా బండి మీదే ఉందన్నమాట," అంది అచ్చాయమ్మ.

ఆ గొంతు అఖిలకి కొత్త. "ఎవరండీ?"

"మణిదీప్ నానమ్మనమ్మా. నువ్వు కానివ్వు."

"నమస్కారమండీ." గొంతు కాస్త సర్దుకుంది కానీ తడబడలేదు. "ఆంటీ, అందులో చివర 4417 అని నంబరున్న ఫైలు చూడండి. అది నా ఫోటో కాదు. నేను వేసిన ముగ్గు. అది ఎక్కడికి పోయినా నష్టం లేదు. నెట్ పెట్టి, ముందు అదొకటి మార్చండి. దాంతో పనిముట్టు దిగిపోతుంది. ఆ తరువాత పేజీ మూయకుండా నెట్ తీసేసి, నావి నాలుగూ వెయ్యండి."

ఫోన్ పెట్టేసింది. మణిదీప్ ముందు పాత పేజీ మూసేసి, మళ్ళీ ప్లగ్గు పెట్టాడు. పేజీ కొత్తగా తెరిచి 4417 వేశాడు. గుండ్రం రెండు చుట్లు తిరిగింది. పక్కన జేపీజీ అని ఇంకో ఫైలు పుట్టింది. పేజీని అలాగే ఉంచి, దాన్ని పెన్‌డ్రైవులోకి దాచి, పెన్‌డ్రైవు టీవీకి తగిలించాడు.

నలభై మూడు అంగుళాల తెర నిండా ముగ్గు పరుచుకుంది. ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు. కళ్ళాపి చల్లిన నేల తడి ఇంకా ఆరలేదు. ఒక మూల ముగ్గు డబ్బా, పక్కన ఎవరివో చెప్పులు.

అచ్చాయమ్మ కర్ర మీద లేచి టీవీ దగ్గరికి వెళ్ళింది. వేలితో ఒక గీత వెంట నడిచింది. మెలికలన్నీ తిరిగి బయలుదేరిన చోటికే వచ్చింది.

"ఎక్కడా ఎత్తలేదు," అంది. "ఒకే గీత. టైమెంతరా శేషగిరీ?"

"పదకొండుకి రెండు తక్కువమ్మా."

"వర్జ్యం రాలేదుగా?"

"ఇంకా ఆరు నిమిషాలుంది."

"అయితే తెరుచుకున్నట్టే. ముందు ముగ్గు పడింది, తరువాత మనిషి వస్తుంది. అంతేగా జరగాల్సింది!" అని వెళ్ళి కూర్చుంది.

చాముండేశ్వరి ఊపిరి పీల్చుకుంది కానీ ఆగలేదు. "ఇప్పుడు తలుపెయ్యి నాయనా."

మణిదీప్ ప్లగ్గు లాగాడు. లాప్‌టాప్ మీద నెట్ లేదన్న గుర్తు వచ్చేదాకా చాముండేశ్వరి చూసింది. పెన్‌డ్రైవు మళ్ళీ లాప్‌టాప్‌కి మారింది, నాలుగు ఫైళ్ళూ పేజీ మీదికి చేరాయి. గుండ్రం తిరుగుతోంది. పాపారావు కూడా మెడ సాచి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి మేడ మీంచి ఆడగొంతు గట్టిగా వినిపించింది.

"ఏవండీ! శేషగిరిరావు గారి వైఫై మళ్ళీ పోయిందండీ! మ్యాచ్ ఆగిపోయింది!"

అందరూ పాపారావు వైపు తిరిగారు.

"నెట్ సెంటర్ నీది, నెట్ మాదా?" అంది అచ్చాయమ్మ.

"ఆదివారం ఒక్కరోజేనండీ," అని పాపారావు పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ నవ్వుల మధ్య మొదటి ఫోటో తయారైంది. తరువాత రెండోది. నెట్ లేదు, పెట్టె మీద ఒక్క దీపం వెలగడం లేదు, అయినా నాలుగూ మారాయి. పాపారావు పేపరు దించి తెర వంక నమ్మలేనట్టు చూశాడు. చాముండేశ్వరి చెప్పినట్టే మణిదీప్ వాటిని నేరుగా పెన్‌డ్రైవులోకి దాచి, పేజీ మూసి, విండో మూసి, ఆ తరువాతే ప్లగ్గు పెట్టాడు. లాప్‌టాప్‌లో ఏమన్నా మిగిలిందేమోనని ఆమె అడగకముందే వెతికి, ఖాళీ ఫోల్డరు తిప్పి చూపించాడు.

"ఇక చూడండి," అంది చాముండేశ్వరి పెన్‌డ్రైవు టీవీకి తగిలించి.

అఖిల నీలం చేనేత చీరలో డాబా పిట్టగోడకి ఆనుకుని నిలబడి ఉంది. నవ్వబోయి ఆపుకున్నట్టున్న మొహం. రెండో దాంట్లో నల్లబల్ల ముందు చాక్‌పీసుతో. మూడోది చెల్లెలితో. నాలుగోది పూర్తిగా నవ్వేశాక. మణిదీప్ నాలుగో దాని దగ్గర రిమోటు నొక్కడం మరిచిపోయాడు. వీరదుర్గ అది చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

అచ్చాయమ్మ నాలుగూ రెండేసిసార్లు చూసింది. తరువాత చాముండేశ్వరి వైపు తిరిగింది.

"పిల్ల బాగుంది. తెలివైంది. కానీ ఒకటి అడుగుతాను. ఇంత పట్టు ఊరికే రాదు. ఏదో జరిగే ఉండాలి. ఏం జరిగింది?"

ఈ ప్రశ్న వస్తుందని చాముండేశ్వరికి తెలుసు. దాటవేసి లేచిపోవచ్చు. ఆమెకి ఆ అలవాటు లేదు.

"జరిగిందండీ. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. కానీ అది నేను చెప్పేది కాదు. తనే చెప్తానంది. ఇప్పుడే అడుగుతారా?"

"అడుగుతాను."

చాముండేశ్వరి మళ్ళీ అఖిలకి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ఒక్కటే చెప్పింది. "అఖిలా, ఫోటోలు ఎక్కడికీ వెళ్ళకుండా తెరుచుకున్నాయి. అందరూ చూశారు. పెద్దావిడ పాత సంగతి అడుగుతున్నారు. స్పీకర్లో ఉన్నావు. చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం."

"చెప్తానండీ," అంది అఖిల వెంటనే. దరఖాస్తు, నెట్ సెంటర్, ప్రకటన, ఫిర్యాదు, అన్నీ వరసగా, క్లాసులో చెప్పినట్టు చెప్పింది. ఏడుపు లేదు, సంజాయిషీ లేదు. "ఇప్పుడది ఎక్కడా లేదు. రేపు మళ్ళీ ఎక్కడైనా కనబడితే మళ్ళీ తీయిస్తాను. దీనివల్ల మీకు ఇబ్బందయితే ఇప్పుడే చెప్పెయ్యండి. నేనేమీ అనుకోను."

పాపారావు పేపరు మడిచి, తల దించుకుని కూర్చున్నాడు.

"ఊళ్ళోవాళ్ళకి తెలిస్తే ఏమంటారో..." అంది వీరదుర్గ మెల్లగా.

"ఏమంటారు?" అంది అచ్చాయమ్మ. "పోయినేడు మన చేలో ట్రాన్స్‌ఫార్మరు పగలగొట్టి రాగితీగ ఎత్తుకుపోయారు. శేషగిరిని ఎవరైనా వేలెత్తి చూపించారా? అందరూ పోయిన తీగ గురించే బాధపడ్డారు. అమ్మాయ్, వింటున్నావా?"

"వింటున్నానండీ."

"ఎన్నాళ్ళకి తీయించావ్ దాన్ని?"

"ఇరవై రెండు రోజులండీ. రోజూ కాలేజీ అవగానే స్టేషన్‌కి వెళ్ళి కూర్చునేదాన్ని. చివరికి నన్ను చూడలేకే తీయించారనుకుంటాను."

మణిదీప్ నవ్వాడు. చాముండేశ్వరి, తను ఫోటోల కోసం జనం ఇళ్ళలో కూర్చున్న రోజులు తలుచుకుని పైకే నవ్వేసింది.

అచ్చాయమ్మ మనవడి మొహం చూసింది. ఇక అడగవలసింది లేదనుకుంది కాబోలు. "దుర్గా, ఆ గుడివాడవాళ్ళకి ఈ సాయంత్రం రావద్దని చెప్పు," అని ఫోను దగ్గరికి వంగింది. "గురువారం మేము ఏలూరు వస్తున్నామమ్మా."

"గురువారం నాకు పరీక్షల డ్యూటీ ఉందండీ. ఆదివారం రండి. నాలుగింటికి."

"మీ నాన్నగారిని అడగక్కర్లేదా?"

"పక్కనే ఉన్నారండీ. తల ఊపుతున్నారు."

శేషగిరిరావు ఫక్కున నవ్వాడు. అచ్చాయమ్మ మనవడికి సైగ చేసింది. మణిదీప్ గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారమండీ. నేను మణిదీప్‌ని. మీ ఫోటోలు మేము చూశాం కానీ, నా ఫోటో మీరు చూడలేదు. ఆంటీకి పెన్‌డ్రైవులో ఇచ్చి పంపిస్తాను."

"చూశానండీ," అంది అఖిల. "మూడు పెళ్ళిళ్ళ గ్రూపుల్లో చూశాను. మా స్టాఫ్ రూమ్‌లో ఇద్దరి ఫోన్లలో ఉంది. ఒక దాంట్లో మీరు ఇంజినీరు, ఇంకో దాంట్లో డాక్టరు."

మణిదీప్ తల్లి వైపు తిరిగాడు.

"నేను ఒక్కళ్ళకే పంపానురా," అంది వీరదుర్గ. "మీ పిన్నికి. అదెవరికి పంపిందో ఏమో!"

"పరవాలేదండీ," అంది అఖిల గొంతు నవ్వాపుకుంటూ. "ఆదివారం ఆ డాక్టరు గారిని ఇంటి దగ్గరే వదిలేసి, మీరు రండి."